స్నానశాల చరిత్ర – కలకత్తా నేర్పిన పాఠము

మానవ నాగరికతను కొలుచుటకు చరిత్రకారులు కోటలను, శాసనములను, నాణెములను పరిశీలింతురు. స్నానశాలను పరిశీలించువారు తక్కువ. కాని ఒక నగరము నీటిని ఎచ్చటనుండి తెచ్చుకొన్నది, ఒడలికేమి పూసికొన్నది, వాడిన నీటిని ఎచ్చటికి పంపినది అను మూడు విషయములు తెలిసినచో ఆ నగరముయొక్క ఆరోగ్యము, ఆచారము, వాణిజ్యము, విజ్ఞానము చాలవఱకు తెలిసినట్లే. మొహెంజొదారోలోని మహాస్నానవాటికను గూర్చి చదివినవారు అచ్చటి ఇటుకల కూర్పును, నీరు ఇంకకుండ పూసిన సహజమైన తారును, వాడిన నీరు పోవు కాలువను మెచ్చుకొనకుండ ఉండలేరు. వేల ఏండ్లనాటి ఆ శిల్పులకు నీటి రాకయు పోకయు రెండును తెలిసియుండెను.

నేడు అంగళ్లలో స్నానద్రవ్యముల పెట్టెలమీద "సహజము", "మూలికామయము", "విషరహితము", "రసాయనరహితము" అను మాటలు పెద్ద అక్షరములతో కనబడుచున్నవి. గృహస్థులు ఆ మాటలను నమ్మి అధికమైన వెల యిచ్చి కొనుచున్నారు. స్నానశాల ప్రశాంతముగను నిరపాయముగను ఉండవలెనను కోరిక మంచిదే. కాని సహజమైనదెల్ల నిరపాయమా? రసాయనశాలలో తయారైనదెల్ల విషమా? ఈ ప్రశ్నలకు సమాధానము దూరదేశములలో వెదుకనక్కరలేదు. ఉద్యోగరీత్యా మనము నివసించుచున్న ఈ కలకత్తా, 2001లో అధికారికముగ కోల్‌కతా అను పేరు దాల్చిన ఈ మహానగరము, రెండువందల ఏండ్ల అనుభవముతో సమాధానము చెప్పుచున్నది.

ఘట్టములనుండి కల్‌ఘరునకు

వంగదేశమున స్నానమనగా మొదట నది, తరువాత చెఱువు. గంగానదియొక్క పాయయైన హుగ్లీ తీరమున ధనవంతులు పుణ్యము కొఱకును కీర్తి కొఱకును ఘట్టములు కట్టించిరి. 1830లో వెలసిన బాబూఘాట్ రాణీ రాస్మణి భర్తయగు బాబూ రాజచంద్ర దాసు పేర నేటికిని నిలిచియున్నది. ఉదయమున ఘట్టమునకు పోయి, ఆవనూనె పట్టించుకొని, మెట్లు దిగి మునుగుట నగరవాసుల నిత్యకృత్యముగ నుండెను. నదికి దూరముగ నున్నవారికి ఇంటి వెనుకనున్న పుకూరు, అనగా చెఱువు, స్నానమునకును వంటకును పానమునకును కూడ ఆధారమయ్యెను.

ఈ చెఱువుల నీరు పూర్తిగ సహజమైనది. అందులో ఏ కర్మాగారపు ద్రవ్యమును కలియలేదు. ఐనను ప్రతి సంవత్సరము విషూచి, అనగా కలరా, ఈ చెఱువుల చుట్టునున్న పేటలలో ప్రాణములు తీయుచుండెను. జర్మను శాస్త్రవేత్త రాబర్ట్ కోహ్ 1883 చివర కలకత్తాకు వచ్చి, 1884 ఫిబ్రవరినాటికి కలరా సూక్ష్మజీవిని గుర్తించుటయే కాక, రోగము వ్యాపించిన పేటలో జనులు స్నానపానములకు వాడుచున్న చెఱువు నీటిలోనే ఆ సూక్ష్మజీవిని చూపెను. కంటికి తేటగ కనబడు నీరు, ప్రకృతి యిచ్చిన నీరు, మృత్యువును మోయుచుండవచ్చునని కలకత్తా లోకమునకు చాటినట్లైనది.

అంతకు ముందే నగరపాలకులు నీటి శుద్ధికై ప్రయత్నములు ప్రారంభించియుండిరి. నగరమునకు ఉత్తరమున నున్న పల్తా వద్ద నదినీటిని తోడి, ఇసుకపొరలగుండ మెల్లగ వడియగట్టి, గొట్టములద్వారా నగరమునకు పంపు ఏర్పాటు 1870 నాటికి పనిచేయసాగెను. ఇసుకయే వడపోత సాధనము. ఇసుక పైభాగమున పెరుగు జీవపుపొరయే మలినములను తినివేయు యంత్రము. ఇదియు ప్రకృతియే; ఐతే మనుష్యుడు తెలిసికొని నియమబద్ధము చేసిన ప్రకృతి. గొట్టపునీరు గంగాజలముతో సమానముగ పవిత్రమగునా అని ఆచారపరులు కొంతకాలము సందేహించిరి. క్రమముగ సందేహము తీరినది.

ఈ మార్పు వంగభాషలో నిలిచిపోయినది. నీటి కొళాయిని వారు "కల్" అందురు; కొళాయి యున్న గది "కల్‌ఘర్" అయినది. పాత యిండ్లలో ఆ గదిలో "చౌబచ్చా" అను ఇటుకల తొట్టి యుండును. శుద్ధిచేయని నదినీరు వేఱు గొట్టములగుండ వచ్చి, వీధులు కడుగుటకును, దొడ్లు శుభ్రపఱచుటకును ఉపయోగపడుచుండెను. దానిని ప్రజలు "గంగాజల్" అనియే పిలుచుచుండిరి. వీధి కొళాయిల వద్ద ఆ నీటితోనే స్నానము చేయు కూలివారిని నేటికిని ఉత్తర కలకత్తాలో చూడవచ్చును. ఒకే నదికి రెండు గొట్టములు, రెండు ఉపయోగములు. త్రాగదగినదేది, కడుగుటకు మాత్రము తగినదేది అను వివేకము ఆ రెండు గొట్టములలో కనబడుచున్నది.

ఆంధ్రతీరపు ఓషధులు – కలకత్తా శాస్త్రము

ఒడలికి పూసికొను ద్రవ్యముల విషయమున ఆంధ్రులకును వంగీయులకును పోలికలు పెక్కు కలవు. మన యిండ్లలో పెండ్లినాడు నలుగు పెట్టుట యెట్లో, వారి యిండ్లలో "గాయే హలుద్" అను పసుపుస్నానము అట్లు. మనకు నువ్వులనూనె, వారికి ఆవనూనె. ఎండిన నేతిబీరకాయ పీచు ఇరుదేశములందును ఒడలు రుద్దుకొను సాధనమే. దానిని వారు "ధుందుల్" అందురు. మన కుంకుడుకాయ, సీకాయ, పెసరపిండి, కచ్చూరములు, బావంచాలు కలకత్తాకు వచ్చిన తెలుగు గృహిణుల పెట్టెలలో ప్రయాణము చేసినవి.

తెలుగు మొక్కలు కలకత్తాకు వచ్చుట మాత్రము క్రొత్త కాదు. విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు 1781 నుండి తూర్పుగోదావరి ప్రాంతపు సామర్లకోటలో పనిచేయుచు, అచ్చటి మొక్కలను సేకరించి, దేశీయ చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించెను. 1793లో ఆయన కలకత్తా నగరమునకు ఎదుటి తీరముననున్న శిబ్‌పూర్ వృక్షవాటికకు అధికారిగ వచ్చెను. 1795 మొదలు వెలువడిన "కోరమాండల్ తీరపు మొక్కలు" అను ఆయన గ్రంథమునకు ఆ బొమ్మలే ఆధారము. పల్లెలలో విన్న తెలుగు పేర్లను ఆయన తన గ్రంథములలో ఎక్కించెను. మన పెరటి మొక్కలకు శాస్త్రలోకమున స్థానము దొరకుటకు గోదావరి తీరమునుండి గంగాతీరమునకు జరిగిన ఆ ప్రయాణమే ముఖ్యకారణమైనది.

మొక్కకు పేరు పెట్టుట మొదటి మెట్టు. అందలి గుణమును పరీక్షించుట రెండవ మెట్టు. 1921లో కలకత్తా ఉష్ణమండల వైద్యవిద్యాలయమున ఔషధశాస్త్రాచార్యుడుగ చేరిన కర్నల్ రామనాథ్ చోప్రా దేశీయ ఓషధులను ఒక్కొక్కటిగ పరీక్షించి, 1933లో వానిపై బృహద్గ్రంథము ప్రకటించెను. ఆయన పరీక్షించిన వానిలో బావంచాలు ఒకటి. ఇవి బొల్లిమచ్చల చికిత్సకు అనాదిగ వాడుకలో నున్నవి. వానిలోని సొరాలెన్ అను పదార్థము చర్మమునకు సూర్యకాంతిని అధికముగ గ్రహించు స్వభావమును కలుగజేయును. మితముగ వాడిన చికిత్స. మితిమీరి పూసికొని ఎండలో తిరిగినచో బొబ్బలు, నల్లమచ్చలు. నలుగుపిండిలో బావంచాలు ఎంత వేయవలెనో మన అమ్మమ్మలకు చేతికొలత తెలియును. అంగడిలో కొన్న పొట్లముమీద "సహజము" అని యుండునే గాని ఆ కొలత ఉండదు. ఆ కొలతయే అసలు విద్య.

స్వదేశోద్యమము – వేప సబ్బు

ఇక సబ్బు కథ. పందొమ్మిదవ శతాబ్దమున విదేశపు సబ్బులు కలకత్తా రేవులో దిగి దేశమంతట వ్యాపించుచుండెను. వానిలో జంతువుల క్రొవ్వు చేరియుండుట హిందువులకును ముసల్మానులకును కూడ శంకకు తావిచ్చెను. ఆ కాలముననే, 1892లో, ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని తన అద్దెయింట ఏడువందల రూపాయల మూలధనముతో బెంగాల్ కెమికల్ సంస్థను ప్రారంభించెను. 1901లో అది వాటాల కంపెనీ అయినది. అడ్డసరము మొదలగు దేశీయ మూలికలనుండి తయారుచేసిన మందులను శాస్త్రీయమైన కొలతలతో అమ్ముట ఆయన ఆశయము. ఆ సంస్థ 1980లో జాతీయము చేయబడి, నేడును కేంద్రప్రభుత్వపు సంస్థగ కొనసాగుచున్నది. దాని ఫినైలు అనేక కార్యాలయములలోను, ఆసుపత్రులలోను నేలలను శుభ్రపఱచినది.

1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తా పురభవనమున విదేశవస్తు బహిష్కరణ తీర్మానము జరిగినది. ఆ జ్వాల ఆంధ్రదేశమునకు కూడ తగిలినది. 1907లో బిపిన్ చంద్ర పాల్ విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, విజయవాడ, మచిలీపట్టణములలో ఉపన్యసించగా మన యువకులు ఉప్పొంగిపోయిరి. రాజమహేంద్రవరమున గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వందేమాతరమన్నందులకు కళాశాలనుండి బహిష్కృతులైరి. దేశీయ ద్రవ్యములతో ఆధునిక వస్తువులు చేయవచ్చునను విశ్వాసము మనవారికిని అంతకు ముందే కలదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లోనే బొంబాయిలో అమృతాంజనమును స్థాపించియుండిరి. కాని వంగదేశమున స్వదేశోద్యమము విద్యార్థులను రసాయనశాస్త్రము చదువుటకు విదేశములకు పంపినది. ఇది ఆ ఉద్యమపు గొప్ప దూరదృష్టి.

అట్లు విదేశములకు పోయినవారిలో ఖగేంద్రచంద్ర దాసు ఒకరు. ఆయన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము చదివి తిరిగివచ్చి, 1916లో మిత్రులతో కలిసి కలకత్తా కెమికల్ కంపెనీని స్థాపించెను. 1920లో ఆ కంపెనీ వేపనూనెతో చేసిన "మార్గో" సబ్బును విడుదల చేసెను. వేపకు పోర్చుగీసువారి మాటనుండి వచ్చిన "మార్గోసా" అను పేరే సబ్బునకు ఆధారము. ఆ మాటకు చేదు అని అర్థము. అదే కంపెనీ వేప దంతలేపనమును కూడ చేసెను. ఆకుపచ్చని ఆ సబ్బుబిళ్లను మన తెలుగు యిండ్లలో ఎఱుగనివారు అరుదు. కంపెనీలు చేతులు మారి 2011 నుండి ఆ పేరు జ్యోతి ల్యాబొరేటరీస్ వారిదైనను, దాని జన్మస్థానము కలకత్తాయే.

ఆ కాలముననే దేశపు ఇతర ప్రాంతములలోను ఇట్టి ప్రయత్నములు జరిగినవి. తెలుగు కుటుంబమున జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానుగ నున్న కాలమున, 1916లో, మంచిగంధపు నూనె కర్మాగారము వెలసినది. దానినుండియే మైసూరు శాండల్ సబ్బు పుట్టినది. ఒకచోట వేప, ఒకచోట గంధము. రెండుచోట్లను ఇంటి ముంగిటి చెట్టు, పరదేశపు విద్య, స్వదేశపు పట్టుదల కలిసినవి.

ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. వేపనూనె సహజమే; కాని గాఢమైన దుర్గంధము కలది. దానిని ఉన్నదున్నట్లు ఒడలికి పూసికొని కార్యాలయమునకు పోగలవారెవ్వరు? నూనెను దాహకసోడా అను తీవ్రక్షారముతో కలిపినప్పుడు రెండును తమ స్వభావము విడిచి సబ్బుగను గ్లిసరినుగను మారును. పాళ్లు సరిగ నున్నచో చివరకు ఆ క్షారము మిగులదు. కనుక "రసాయనరహితమైన సబ్బు" అనునది అర్థము లేని మాట. ఒడలిని కాల్చు క్షారము, ముక్కు మూయించు నూనె కలిసి ఒడలికి మేలు చేయు వస్తువుగ మారుట రసాయనశాస్త్రముయొక్క వరము. అట్లే వేపనూనె చర్మముపై మేలు చేయునని పసిపిల్లల నోట పోయుట ప్రాణాపాయమని వైద్యులు హెచ్చరించియున్నారు. బయటికి మందైనది లోపలికి విషము కావచ్చును.

వేపగుణములను మన పూర్వులే ఎఱిగియున్నారనుటలో సందేహము లేదు. 1942లో సలీముజ్జమాన్ సిద్దీఖీ వేపనూనెనుండి నింబిన్ మొదలగు చేదుపదార్థములను వేఱుచేసి చూపెను. వేపనూనెతో శిలీంధ్రములను అరికట్టు పద్ధతిపై అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖయు ఒక అమెరికను కంపెనీయు 1994లో ఐరోపా పేటెంటు పొందగా, అది క్రొత్తవిద్య కాదని భారతీయులు వాదింపగా, 2000లో ఆ పేటెంటు రద్దైనది. 2005లో ఆ తీర్పు స్థిరపడినది. మన పెరటి చెట్టును గూర్చిన జ్ఞానమును మనము వ్రాసి, పరీక్షించి, భద్రపఱచుకొనకున్నచో ఇతరులు తమదనుటకు సిద్ధముగ నున్నారని ఆ వ్యవహారము తెలిపినది.

ఆవనూనె చెప్పిన గుణపాఠము

సహజద్రవ్యములను కన్నులు మూసికొని నమ్మరాదనుటకు కలకత్తా చరిత్రలో అన్నిటికంటె దుఃఖకరమైన ఉదాహరణము ఆవనూనెది. 1877లో ఈ నగరమున ఒక వింతవ్యాధి కనబడెను. కాళ్లు వాచుట, ఆయాసము, జ్వరము, చివరకు గుండె బలహీనపడి మరణము. ఒక్కొక్క యింట పెద్దలు పిన్నలు అందఱును ఒకేసారి రోగగ్రస్తులగుచుండిరి. దీనికి "అంటువాపు" అను అర్థమిచ్చు ఆంగ్లనామము పెట్టిరి. చాలకాలము బియ్యమునే శంకించిరి. 1926లో ఎస్. ఎల్. సర్కార్ అను వైద్యుడు ఆవనూనెలో కలిసిన బ్రహ్మదండి గింజల నూనెయే కారణమని సూచించెను. 1937లో లాల్, రాయ్ అను శాస్త్రజ్ఞులును, 1939లో చోప్రాయు ఆయన సహచరులును ప్రయోగములతో దానిని బలపఱచిరి.

బ్రహ్మదండి మన పొలముగట్లపై పసుపుపచ్చని పూలతో, ముండ్ల ఆకులతో పెరుగు మొక్కయే. వంగీయులు దానిని "శియాల్‌కాంటా", అనగా నక్కముల్లు, అందురు. దాని గింజ ఆవగింజవలె చిన్నది, నల్లనిది. ఆవపంటతోపాటు పండి కోతలో తెలియక కలియవచ్చును. వర్తకుడు లాభమునకై తెలిసియే కలుపవచ్చును. అందలి సాంగ్వినరిన్ అను విషము సన్నని రక్తనాళములను చెడగొట్టి నీరు చేర్చును. ఆ నూనె తినుటవలననే కాదు, ఒడలికి మర్దించుకొనుటవలన కూడ ఈ వ్యాధి రాగలదని తరువాతి వైద్యులు కనుగొనిరి. పసిబిడ్డను ఎండలో పరుండబెట్టి ప్రేమతో మర్దించు నూనెయే విషమగుట ఎంత దారుణము! 1998లో ఢిల్లీలో ఇట్టి కల్తీ నూనెవలన 60 మందికి పైగ మరణించిరి.

బ్రహ్మదండి ప్రకృతి చేసిన విషము. దీనికి జంటగ మఱియొక సంఘటనను చెప్పుకొనవలెను. 1988లో కలకత్తా దక్షిణభాగముననున్న బెహాలాలో, యంత్రములలో వాడు ట్రైక్రెసిల్ ఫాస్ఫేటు అను రసాయనము వంటనూనెలో కలియుటచే వందలమంది కాళ్లు చేతులు చచ్చుపడినవి. ఒకచోట ముండ్లమొక్క, ఒకచోట కర్మాగారపు రసాయనము; బాధపడినది మాత్రము ఒకే విధమైన సామాన్యగృహస్థులు. విషమునకు సహజము, కృత్రిమము అను కులభేదము లేదు. ద్రవ్యము ఏ చేతులమీదుగ వచ్చినది, దానిని ఎవరు పరీక్షించిరి అనునదే ప్రశ్న.

ఎఱుపులో రెండు రకములు

స్నానశాల గోడలకును నేలకును ఇదే న్యాయము వర్తించును. పాత కలకత్తా యిండ్లను చూచినవారు వాని ఎఱ్ఱని నున్నని నేలలను మఱువలేరు. సిమెంటులో ఇనుపతుప్పు జాతికి చెందిన ఎఱ్ఱమన్ను కలిపి, చేతితో మెఱుగుదిద్దిన నేలలవి. వేసవిలో పాదములకు చల్లగ నుండి మనస్సునకు హాయి గొల్పును. గోడలకు సున్నము, ఇటుకపొడి కలిసిన "చూన్ సుర్కీ". మన డంగుసున్నపు గచ్చుకు ఇది దగ్గఱి చుట్టము. సున్నము క్షారగుణము కలదగుటచే బూజు సులభముగ పట్టదు. గోడలోని తడి ఆవిరియై బయటికి పోవుటకు సందులుండును. కలకత్తావంటి తేమప్రదేశమున ఇది చిన్న ప్రయోజనము కాదు.

ఐతే ఎఱుపులన్నియు ఒకటి కావు. ఇనుమునుండి వచ్చిన ఎఱుపు నిరపాయకరము. సీసమునుండి వచ్చిన సిందూరపు ఎఱుపు విషము. రెండును భూమిలోని లోహములనుండి వచ్చినవే. సీసము పిల్లల మెదడును మందగింపజేయును. ఈ కారణముననే మన ప్రభుత్వము ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల భాగములలో 90 భాగములకు మించరాదని 2016లో నియమము చేసి, 2017 నవంబరు నుండి అమలుపఱచినది. నలుగునకు వాడు పసుపునకు సీసపు క్రోమేటుతో మెఱుగుపెట్టుట మఱియొక దురాచారము. కంటికి ఇంపైన పసుపుకంటె కొమ్ములు కొని ఇంట దంచుకొన్న పసుపు మేలు.

నీరు పోవు దారి

ఇంతవఱకు ద్రవ్యము ఎచ్చటనుండి వచ్చినదను విచారణ. అది ఎచ్చటికి పోవుచున్నదను విచారణ ఇంకను మిగిలియున్నది. ఈ రెండవ ప్రశ్నకు కలకత్తావలె స్పష్టముగ సమాధానమిచ్చు నగరములు తక్కువ. విలియం క్లార్క్ అను ఇంజనీరు పథకము ననుసరించి 1859 మొదలు 1875 వఱకు భూగర్భపు మురుగుకాలువలు నిర్మింపబడినవి. నగరపు నేల పశ్చిమమున నదివైపు ఎత్తు, తూర్పున ఉప్పుచిత్తడివైపు పల్లము. కనుక మురుగు తూర్పునకు పాఱినది. దానిని మోసికొనిపోవు విద్యాధరీనది పూడిపోయి 1928లో నిర్జీవమైనదని ప్రకటింపబడినది.

అప్పుడు ఆ చిత్తడినేలల మత్స్యకారులు, రైతులు ఆశ్చర్యకరమైన ఉపాయము పన్నిరి. మురుగునీటిని లోతులేని చెఱువులలో కొద్దికొద్దిగ నింపి, ఎండలో నిలువనిచ్చిరి. సూక్ష్మజీవులు మలినమును విడగొట్టును. పాచి పెరిగి ప్రాణవాయువు నిచ్చును. ఆ పాచిని, సూక్ష్మప్రాణులను చేపలు తినును. 1930 ప్రాంతమునుండి ఈ "భేరీ"లు వృద్ధిపొందినవి. వానినుండి పాఱు నీటితో కూరగాయలును వరియు పండుచున్నవి. ధ్రువజ్యోతి ఘోష్ అను ఇంజనీరు జీవితమంతయు శ్రమించి ఈ వ్యవస్థ విలువను లోకమునకు తెలిపెను. 2002లో సుమారు 12,500 హెక్టారుల తూర్పు కలకత్తా చిత్తడినేలలు అంతర్జాతీయ రామ్‌సార్ పట్టికలో చేరినవి.

దీని తాత్పర్యము విస్పష్టము. మన స్నానశాలలో ఉదయము పాఱిన నీరు కొంతకాలమునకు చేపయై, కూరయై, ఈ నగరపు పళ్లెములలోనికి తిరిగివచ్చుచున్నది. పెసరపిండి, కుంకుడురసము, నూనెసబ్బు అయినచో ఆ చెఱువుల సూక్ష్మజీవులు జీర్ణించుకొనగలవు. ఇచ్చటను విచక్షణ కావలెను. కుంకుడురసమును తిన్నగ చేపలచెఱువులో కుమ్మరించిన చేపలు చచ్చును, కొన్ని ప్రాంతములలో చేపలు పట్టుటకే దానిని వాడుదురు. కాలువలో పలుచబడి, కాలము గడచి పోయినప్పుడు అది విడిపోవును. సీసమును, ప్లాస్టిక్ నలుసులను మాత్రము ఏ చెఱువును జీర్ణించుకొనలేదు. క్రిమిసంహారక సబ్బులలో వాడిన ట్రైక్లోసాన్ అను ద్రవ్యమును, నిత్యవాడుకలో నిరపాయకరమనియు మామూలు సబ్బుకంటె మిన్న యనియు తయారీదారులు నిరూపింపలేకపోవుటచే, 2016లో అమెరికా ప్రభుత్వము చేతులు, ఒడలు కడుగుకొను సబ్బులనుండి తొలగింపజేసినది.

గృహస్థునకు మిగులు వివేకము

ప్రభుత్వపు వసతిగృహములలో స్నానశాల చిన్నది. గోడలు పగులగొట్టి సున్నపుగచ్చు వేయించు స్వాతంత్ర్యము మనకు లేదు. ఐనను చేయదగినవి కలవు. గాలి పోవుటకు కిటికీ తెఱచి, వాడుక ముగిసిన వెంటనే నేలను ఆరనిచ్చుట మొదటి పని. కలకత్తా వర్షకాలమున బూజుకంటె పెద్ద శత్రువు లేదు. నేతిబీర పీచును వాడిన తరువాత ఎండలో ఆరవేయవలెను. తడిగ నున్నచో అదియే సూక్ష్మజీవులకు గూడగును. ఆవనూనెను, నువ్వులనూనెను విడిగ కాక ముద్రవేసిన డబ్బాలలో, పరీక్షాచిహ్నము చూచి కొనవలెను. నలుగుపిండిని పప్పు, పసుపుకొమ్ములు తెచ్చి ఇంటనే పట్టించుకొనుట ఉత్తమము. దొడ్డి కడుగు ఆమ్లమును, బ్లీచింగు పొడిని ఎన్నడును కలుపరాదు. రెండును కలిసినచో క్లోరిను వాయువు పుట్టి, మూసిన చిన్నగదిలో ప్రాణమునకే ముప్పు కలిగించును.

ప్రశాంతతకు అధికధనము అవసరము లేదు. శుభ్రమైన నేల, గాలి, వెలుతురు, నిండిన నీటితొట్టి, మాసిపోని తువ్వాలు, మందమైన వేపవాసనో గంధపువాసనో ఉన్న ఒక సబ్బుబిళ్ల, ఇంతకంటె కావలసినదేమి? రాగిచెంబునకు, ఇత్తడి గంగాళమునకు చోటున్నచో మఱింత శోభ.

పూర్వులు చెప్పిరి గనుక మంచిదనుట ఎంత పొరపాటో, పాతది గనుక పనికిరాదనుట అంత పొరపాటు. విషూచిని గుర్తించిన సూక్ష్మదర్శిని, ఇసుక వడపోత, వేపనూనెను సబ్బుగ మార్చిన రసాయనశాల, బ్రహ్మదండిని పట్టియిచ్చిన పరిశోధన, మురుగును చేపగ మార్చిన రైతు అనుభవము. ఇవన్నియు కలిసి కలకత్తా మనకు రెండు ప్రశ్నలను అప్పగించినవి. ఇది ఎచ్చటనుండి వచ్చినది? ఇది ఎచ్చటికి పోవుచున్నది? ఒక సీసా కొనునప్పుడును, ఒక చెంబెడు నీరు కుమ్మరించునప్పుడును ఈ రెండును అడుగుకొనువాని స్నానశాల విషరహితమగును. అట్టి అలవాటును మన పిల్లలకు నేర్పుట, ఉద్యోగజీవితమున మనకు అన్నము పెట్టుచున్న ఈ గంగాతీరనగరమునకు మనము చేయగల ఋణవిమోచనము.